లా, టెక్, ఏవియేషన్ కలిపి మాట్లాడే పాడ్‌కాస్ట్‌లు: ఏవి వినాలి, ఏవి స్కిప్ కొట్టాలి

లా, టెక్నాలజీ, ఏవియేషన్ మూడూ ఒకే షోలో కలిపేసి, ప్రతి ఎపిసోడ్‌కీ ఒక ఎక్స్‌పర్ట్‌ని కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడించే పాడ్‌కాస్ట్‌లు ఈ మధ్య బాగానే వస్తున్నాయి. నేను ఇలాంటివి చాలానే ఫాలో అవుతున్నా కాబట్టి ఒక్క షో అని కాకుండా ఈ టైపు మొత్తానికీ కలిపి రివ్యూ రాస్తున్నా. షోల పేర్లు కావాలనే రాయట్లేదు, ఎందుకంటే ఒకే షోలో ఈ వారం ఎపిసోడ్ అదిరిపోతుంది, పై వారం ఎపిసోడ్ పది నిమిషాలు కూడా వినలేం. షో పేరు చూసి కాదు, ఎపిసోడ్ దేని గురించో, వచ్చిన గెస్ట్ ఎవరో చూసి వినాలి.

నా తీర్పు ముందే చెప్పేస్తా. మూడు సబ్జెక్టులూ ఒకే సంఘటనలో ముడిపడి ఉన్న ఎపిసోడ్ అయితే డౌట్ లేకుండా ప్లే నొక్కేయొచ్చు. టైటిల్‌లో భవిష్యత్తు, విప్లవం, ఇన్నోవేషన్ లాంటి మాటలు కనిపిస్తే మాత్రం అది ఊకదంపుడే, దండం పెట్టి పక్కకి జరగడం మంచిది.

ముడిపడి ఉండటం అంటే ఏంటో ఒక ఉదాహరణ చెప్తా, ఈ రకం షోల్లో దాదాపు అందరూ ముట్టుకునే కేసే ఇది. 2019లో అవియాంకా విమానంలో ఒక ప్యాసింజర్ మోకాలికి సర్వీస్ ట్రాలీ తగిలింది, దెబ్బ తగిలిందని న్యూయార్క్‌లో దావా వేశాడు. ఎయిర్‌లైన్ వాళ్ళేమో ఇంటర్నేషనల్ ఫ్లైట్ కదా, మాంట్రియల్ కన్వెన్షన్ వర్తిస్తుంది, దాని ప్రకారం రెండేళ్ళ లోపు కేసు వేయాలి, గడువు దాటిపోయింది కొట్టేయండి అన్నారు. దానికి జవాబుగా ప్యాసింజర్ తరపు లాయర్లు పాత తీర్పులు కొన్ని చూపించారు. తీరా చూస్తే అందులో చాలా వరకు అసలు లేనే లేవు, చాట్‌జీపీటీ సొంతంగా అల్లి ఇచ్చింది! 2023 జూన్‌లో జడ్జి ఆ లాయర్లకీ వాళ్ళ ఫర్మ్‌కీ కలిపి 5,000 డాలర్ల జరిమానా వేశాడు, అసలు దావా కూడా గడువు దాటిందని కొట్టేశాడు.

ఇంతవరకూ ఎవరైనా చెప్తారు, న్యూస్ చదివినా తెలుస్తుంది. మంచి షోకీ మామూలు షోకీ తేడా తెలిసేది ఇక్కడి నుంచే. మామూలు షోలో హోస్ట్ "ఏఐ ఎంత ప్రమాదమో చూశారా" అని నాలుగు నవ్వులు నవ్వి ఇంకో టాపిక్‌కి వెళ్ళిపోతాడు. మంచి హోస్ట్ ఉన్న ఎపిసోడ్‌లో మాత్రం గెస్ట్‌గా వచ్చిన లాయర్‌ని పట్టుకుని, పేపర్ మీద సంతకం పెట్టినాయన వాటిని ఎక్కడ వెతికి చూశాడు, ఎదుటి లాయర్లు మాకు ఈ తీర్పులు దొరకట్లేదు అని చెప్పాక కూడా ఎందుకు వెనక్కి తీసుకోలేదు అని వరసగా అడుగుతూ పోతాడు. అప్పుడు బయటికొస్తుంది అసలు సంగతి. చాట్‌జీపీటీ వాడిన లాయరు "ఈ కేసు నిజమైనదేనా" అని మళ్ళీ దాన్నే అడిగాడు, అదేమో నిజమే, ఫలానా లీగల్ డేటాబేసుల్లో దొరుకుతుంది అని ధీమాగా చెప్పింది. జడ్జికి కోపం వచ్చింది ఏఐ వాడినందుకు కాదట, తప్పని చెప్పాక కూడా వాటినే పట్టుకుని వేలాడినందుకు. ఈ ఒక్క పాయింట్ కోసం ఆ ఎపిసోడ్ మొత్తం వినొచ్చు. అదీ కాక రెండేళ్ళ గడువు అనే రూల్ ఎందుకంత కఠినం, ఎయిర్‌లైన్ దివాలా ప్రొసీడింగ్స్‌లో ఉన్నా సరే ఆ గడియారం ఆగదా అనే చర్చ కూడా అందులో ఉంది, లా స్టూడెంట్స్‌కి పండగే.

ఎయిర్ కెనడా చాట్‌బాట్ కేసు కూడా ఇలాంటిదే. చుట్టం చనిపోతే ఇచ్చే తగ్గింపు టికెట్‌కి ప్రయాణం అయ్యాక కూడా అప్లై చేసుకోవచ్చని బాట్ తప్పు చెప్పింది, ఒక ప్యాసింజర్ అది నమ్మి ఫుల్ రేటు పెట్టి కొన్నాడు. తర్వాత డబ్బులు అడిగితే, బాట్ చెప్పినదానికి మా బాధ్యత లేదన్నట్టు కంపెనీ వాదించింది, బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునల్ దగ్గర ఆ పప్పులు ఉడకలేదు, 2024 ఫిబ్రవరిలో సుమారు 812 కెనడియన్ డాలర్లు కట్టమంది. చిన్న అమౌంటే, కానీ వెబ్‌సైట్‌లో ఉన్న ప్రతి ముక్కకీ కంపెనీదే బాధ్యత అని తేల్చింది. ఈ కేసు మీద ఎపిసోడ్లు మాత్రం అన్నీ ఒకేలా ఉంటాయి, ఒకటి వింటే చాలు.

ఇక నాకు అన్నిటికంటే నచ్చే రకం ఎపిసోడ్లు పాత ప్రమాదాలని లాయరు, ఇంజనీరు ఇద్దరి వైపు నుంచీ విప్పి చూపించేవి. ఉబర్లింగెన్ తీసుకోండి. 2002 జులై 1 రాత్రి, జర్మనీ స్విట్జర్లాండ్ సరిహద్దు దగ్గర, ఒక టుపొలెవ్ ప్యాసింజర్ విమానం, ఒక డీహెచ్ఎల్ కార్గో విమానం ఒకే ఎత్తులో ఎదురుపడ్డాయి. నేల మీద నుంచి విమానాలకి దారి చెప్పే స్విస్ ట్రాఫిక్ కంట్రోలర్ టుపొలెవ్‌ని కిందకి దిగమన్నాడు. కొన్ని సెకన్లకే ఆ విమానంలో ఉన్న టీకాస్, అంటే విమానాలు గుద్దుకోకుండా హెచ్చరించే పరికరం, పైకి ఎక్కమంది. అవతలి విమానంలో టీకాస్ కిందకి దిగమంది. డీహెచ్ఎల్ పైలట్లు మెషిన్ మాట విన్నారు, టుపొలెవ్ పైలట్లు మనిషి మాట విన్నారు, రెండూ కిందకే దిగాయి. 71 మంది చనిపోయారు, రెండు విమానాల్లో ఒక్కరు కూడా మిగల్లేదు.

దీని మీద మంచి ఎపిసోడ్ ఎలా ఉంటుందంటే, మాజీ పైలట్ ఒకాయన ఆ కొద్ది సెకన్లలో కాక్‌పిట్‌లో ఏం వినిపించి ఉంటుందో ఒక్కొక్కటే చెప్తాడు, తర్వాత లాయరు వచ్చి అప్పటికి రూల్ బుక్కులో ఎవరి మాట వినాలని స్పష్టంగా రాసి లేదు అని చూపిస్తాడు. అంతకుముందు ఏడాదే, 2001 జనవరిలో, జపాన్‌లో రెండు జపాన్ ఎయిర్‌లైన్స్ విమానాలకి దాదాపు ఇదే పరిస్థితి వచ్చి వెంట్రుకవాసిలో తప్పింది, రూల్ మార్చడానికి అది చాలలేదు. ఉబర్లింగెన్ తర్వాతే టీకాస్ చెప్పిందే ఫైనల్, కంట్రోలర్ వేరేది చెప్పినా సరే అని గట్టిగా రాశారు. మరి శిక్ష ఎవరికి పడింది? 2007లో స్విస్ ట్రాఫిక్ కంట్రోల్ కంపెనీ ఉద్యోగులు నలుగురు దోషులని కోర్టు తేల్చింది. ఆ రాత్రి డ్యూటీలో కంట్రోలర్ ఒక్కడే మిగలడం, మెయింటెనెన్స్ పేరుతో వార్నింగ్ సిస్టమ్ సగం పనిచేయకపోవడం, ఫోన్ లైన్లు పనిచేయకపోవడం, ఇవన్నీ ఎవరి టేబుల్ మీద సంతకం అయ్యాయో వెతుక్కుంటూ వెళ్తే అక్కడ తేలింది. ఇలాంటి ఎపిసోడ్‌లో గంట ఎలా అయిపోతుందో తెలీదు నిజంగా.

బ్లాక్ బాక్సుల మీద ఎపిసోడ్లు కూడా వదలకండి. 2024 జనవరి 5న అలాస్కా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 మ్యాక్స్ గాల్లో ఉండగా పక్కనున్న డోర్ ప్లగ్, అంటే వాడని డోర్ చోట బిగించే మూత, ఊడిపోయింది గుర్తుందా, ఆ విమానం సేఫ్‌గా దిగింది, కానీ కాక్‌పిట్ మాటల రికార్డు దొరకలేదు, ఎందుకంటే అందులో ఉన్న రికార్డరు రెండు గంటలే దాచేది, ల్యాండ్ అయ్యాక ఎవరూ ఆపకపోతే దాని మీదే మళ్ళీ రికార్డు అయిపోతుంది. ఇరవై ఐదు గంటల రికార్డర్లు ఎప్పుడో వచ్చాయి కదా మరి అన్నిటికీ ఎందుకు పెట్టలేదు అంటే అక్కడ లా సీన్‌లోకి వస్తుంది, మా మాటలన్నీ అంతసేపు దాచి రేపు కోర్టులో వాడతారా అని పైలట్ల యూనియన్లకి భయం. విమానయానం మీద దేశాలు చేసుకున్న షికాగో కన్వెన్షన్ అనే ఒప్పందం కింద ఉన్న అనెక్స్ 13, దర్యాప్తు ఉద్దేశం ప్రమాదం మళ్ళీ జరగకుండా చూడటమే, తప్పు ఎవరిదో తేల్చడం కాదు అంటుంది, పోలీసులు, కోర్టులు మాత్రం ఆ తప్పు ఎవరిదో తేల్చడానికే ఉన్నాయి. ఈ రెండిటి మధ్య గొడవ మీద ఒక దర్యాప్తు అధికారినీ ఒక ప్రాసిక్యూటర్‌నీ ఎదురెదురుగా కూర్చోబెట్టిన ఎపిసోడ్ దొరికితే బంగారం.

జీపీఎస్ స్పూఫింగ్ మీద వచ్చేవి కూడా బాగుంటున్నాయి, ఇది టెక్ వాళ్ళు బాగా చెప్పగలిగే టాపిక్. తప్పుడు సిగ్నల్‌కి విమానం తానెక్కడో వేరే చోట ఉన్నాననుకోవడం ఒకెత్తు, కాక్‌పిట్‌లో టైము మారిపోవడం, ముప్పై ఐదు వేల అడుగుల మీద నేల దగ్గరకొచ్చేసింది పుల్ అప్ అని అరవడం ఇంకో ఎత్తు. అరిచిన ప్రతిసారీ దొంగ వార్నింగే అని పైలట్లకి అలవాటైపోతే నిజంగా కొండ ఎదురైన రోజు ఏంటి అని ఒక గెస్ట్ అడిగితే హోస్ట్ దగ్గర మాట లేదు.

సరే, తిట్టాల్సినవి కూడా ఉన్నాయి.

మొదటిది గెస్టుల సంగతి. ఎక్స్‌పర్ట్ అని పరిచయం చేస్తారు, ఏ కంపెనీకి సలహాదారో, ఏ కేసులో ఎవరి తరపు లాయరో చెప్పరు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్ ఒకటి వికటించి మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల విండోస్ మెషిన్లు పడిపోయాయి, ప్రపంచమంతా ఫ్లైట్లు ఆగిపోయాయి, తర్వాత డెల్టా ఎయిర్‌లైన్స్ వాళ్ళు క్రౌడ్‌స్ట్రైక్ మీద కోర్టుకి కూడా వెళ్ళారు. దాని మీద నేను విన్న ఒక ఎపిసోడ్‌లో గెస్ట్ పెద్దమనిషి గంటసేపు సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టుల్లో నష్టపరిహారానికి పరిమితి ఉండటం ఎంత న్యాయమో చెప్పుకొచ్చాడు, చివర్లో ఎక్కడో తెలిసింది ఆయన పనే సాఫ్ట్‌వేర్ కంపెనీల తరపున ఆ కాంట్రాక్టులు రాయడం అని. రాయొచ్చు, తప్పు లేదు, ముందే చెప్పాలి కదా. ఎయిర్‌లైన్ తరపు లాయర్‌ని కూడా పిలిచి ఉంటే అసలైన మజా వచ్చేది.

రెండోది ఏఐ సోది. విమానంలో పెట్టే సాఫ్ట్‌వేర్‌కి డీవో-178సి అని ఒక స్టాండర్డ్ ఉంది, ఫెయిలైతే విమానమే పోయే సాఫ్ట్‌వేర్ అయితే లెవెల్ ఏ, ఏమీ కాకపోతే లెవెల్ ఈ, ప్రమాదం ఎక్కువున్న లెవెల్స్‌లో ప్రతి కోడ్ లైనూ ఏ అవసరం కోసం రాశారో తిరిగి చూపించగలగాలి. డేటా మీద ట్రెయిన్ చేసిన న్యూరల్ నెట్‌వర్క్‌లో అలా ఈ లైను ఇందుకు అని చూపించడం కుదరదు, అందుకే సర్టిఫికేషన్ దగ్గర బండి ఆగింది. ఈ ముక్క సర్టిఫికేషన్ ఇంజనీర్ ఎవరైనా పది నిమిషాల్లో అర్థమయ్యేలా చెప్తారు. కానీ పిలిచేది స్టార్టప్ ఫౌండర్లని, వాళ్ళేమో త్వరలో పైలట్ లేని విమానాలు అంటారు, ఎవరు సర్టిఫై చేస్తారు, కూలితే ఎవరి మీద కేసు అని హోస్ట్ అడిగితే రెగ్యులేటర్లతో మాట్లాడుతున్నాం అని నీళ్ళు నములుతారు, హోస్ట్ కూడా వదిలేస్తాడు. అక్కడ వదిలేసే హోస్ట్‌ని నేను కూడా వదిలేస్తా.

మూడోది, ప్రమాదం జరిగిన మర్నాడే ఎమర్జెన్సీ ఎపిసోడ్ అని పెట్టేసేవాళ్ళు. ప్రాథమిక రిపోర్టు రావడానికే మామూలుగా నెల పడుతుంది, ఈలోపు వీడియో క్లిప్ చూసి పైలట్ తప్పా ఇంజన్ తప్పా అని తేల్చేస్తారు. కుటుంబాలు వింటాయన్న ఇంగితం కూడా ఉండదు కొందరికి. ఇలాంటివి ఒకటి కనిపించినా నేను ఆ షో అన్‌ఫాలో కొట్టేస్తా.

ఇంకా చిన్న చిన్నవి: 737 మ్యాక్స్ కథని అందరూ మొదటి నుంచీ చెప్తారు, ఎంకాస్, అంటే విమానం ముక్కుని దానంతటదే కిందకి వంచే సాఫ్ట్‌వేర్, ఒకే సెన్సర్ మీద ఆధారపడింది, లయన్ ఎయిర్ ప్రమాదంలో 189, ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ ప్రమాదంలో 157 మంది పోయారు, ఇవి తెలియని శ్రోత ఈ షోల దగ్గరికి రాడేమో, కాబట్టి ఇరవై నిమిషాలు ముందుకి జరిపేయొచ్చు. 2021లో బోయింగ్ ప్రాసిక్యూషన్ తప్పించుకోవడానికి 250 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకోవడం, 2022లో ఆ కంపెనీ మాజీ చీఫ్ టెక్నికల్ పైలట్‌ని జ్యూరీ నిర్దోషి అనడం, ఈ రెండూ పక్కపక్కన పెట్టి మాట్లాడే ఎపిసోడ్ అయితేనే వినండి. పొట్టి పేర్లు కూడా ఎక్కువ, ఐకావో, ఈయాసా, ఎన్‌టీఎస్‌బీ అని విమానయాన సంస్థల పేర్లు వరసపెట్టి అనేస్తారు, కొత్తవాళ్ళకి మొదటి రెండు మూడు ఎపిసోడ్లు తల తిరుగుతుంది. ట్రాన్స్‌క్రిప్ట్ ఇచ్చే షో అయితే అది ముందు పెట్టుకుని వినండి. స్పీడ్ పెంచితే పైలట్ల మాటలు ఓకే, లాయర్ల వాక్యాలు మాత్రం మధ్యలో ఎక్కడ మొదలయ్యాయో మర్చిపోతాం, మామూలు స్పీడే బెటర్.

రేటింగ్ అంటే మొత్తం మీద ఐదుకి మూడున్నర, ప్రమాదాల మీదా కేసుల మీదా చేసినవాటికి నాలుగున్నర, ఏఐ ఎపిసోడ్లకి ఒకటిన్నర, అది కూడా ఇంజనీర్లని పిలిచిన ఒకటో రెండో ఉన్నాయని. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మీకు నచ్చిన షోలో ఉబర్లింగెన్ గానీ అవియాంకా కేసు గానీ ఉందేమో వెతికి అదే ముందు వినండి, వాటిని కూడా బోర్‌గా చెప్పగలిగారంటే ఆ షోలో మిగతావి ముట్టుకోనక్కర్లేదు.