లిబ్‌ఫేక్‌టైమ్‌తో మూడేళ్లు: ఆ -595 రోజుల వడ్డీ

మా టీమ్ సహకార సంఘాల అప్పుల ఖాతాల సాఫ్ట్‌వేర్‌ని టెస్ట్ చేస్తుంది. మార్చి 31 అర్ధరాత్రి వడ్డీ లెక్క ఎలా మారుతుందో ఆగస్టులోనే చూసుకోవాలి. లిబ్‌ఫేక్‌టైమ్ అనే టూల్ వాడకముందు సర్వర్ గడియారాన్నే ముందుకు తిప్పేవాళ్లం. కాసేపటికి, మెషీన్ల గడియారాలను నెట్‌వర్క్ ద్వారా సరిచేసే ఎన్‌టీపీ దాన్ని మళ్లీ ఇవాల్టికి లాక్కొచ్చేది. ఎన్‌టీపీని ఆపేస్తే లాగిన్‌లు పోయేవి. లాగిన్‌లను సరిచూసే కెర్బెరోస్ మామూలుగా మెషీన్ల గడియారాల మధ్య ఐదు నిమిషాలకు మించిన తేడాని ఒప్పుకోదు మరి. పక్క టీమ్ వాళ్ల పని ఆగితే నేరుగా మా దగ్గరికే వచ్చేవారు.

లిబ్‌ఫేక్‌టైమ్ మనం చెప్పిన ప్రోగ్రాంకి మాత్రమే వేరే తేదీ చూపిస్తుంది, మెషీన్ గడియారం జోలికి పోదు. ఒకే సర్వర్‌లో ఒక కాపీ 2024 ఫిబ్రవరి 29లో, ఇంకోటి 2027 మార్చి 31లో నడుస్తుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. మొదటిసారి అలా చూసినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

కానీ 2025 ఆగస్టు 14 సంగతి చెప్పాలి. అప్లికేషన్‌ని 2027 మార్చి 31 రాత్రి 11:58 దగ్గర మొదలుపెట్టి, స్క్రీన్ వైపే చూస్తూ కూర్చున్నాను. పన్నెండు దాటాక ఒక రసీదు కొట్టాను. రసీదు తేదీ 01-04-2027. దాని పక్కనే ఎంట్రీ తేదీ 14-08-2025. వడ్డీ రోజులు: -595.

ముందు టూల్‌నే అనుమానించాను. సాయంత్రం దాకా దాని సెట్టింగ్‌లే మార్చి మార్చి చూశాను. చివరికి టేబుల్ తెరిచి చూస్తే, ఎంట్రీ తేదీని మా కోడ్ అసలు పంపడమే లేదు. డేటాబేస్ తన గడియారం చూసి తనే వేసుకుంటోంది. అది ఉన్నది వేరే మెషీన్‌లో. అక్కడ ఇంకా ఆగస్టే.

డేటాబేస్ కాపీని కూడా అదే టైమ్‌తో లేపితే -595 పోయింది. నా టెన్షన్ మాత్రం పెరిగింది. అసలు సర్వర్లలో ఆ రెండు గడియారాల మధ్య ఒక్క సెకను తేడా ఉన్నా, మార్చి 31 అర్ధరాత్రి కొట్టిన రసీదుకి రెండు ఆర్థిక సంవత్సరాల తేదీలు పడొచ్చు. అది రైతు కట్టిన డబ్బు. తేదీని ఒక్కచోటి నుంచే తీసుకునేలా కోడ్ మార్పించాం. మొదటే రెండు మెషీన్లకీ ఒకే టైమ్ పెట్టి ఉంటే ఈ లోపం మా కంట పడేదే కాదు.

కొత్తగా చేరినవాళ్లకి "కమాండ్ ముందు ఒక్క మాట చేరిస్తే చాలు" అని చెప్పేదాన్ని. ఇప్పుడు అలా చెప్పడం మానేశాను. మా జావా ప్రోగ్రాం ఒకటి మధ్యలో బిగుసుకుపోయి, మోనోటోనిక్ క్లాక్‌ని (వెనక్కి తిరగకుండా ముందుకే నడిచే లోపలి గడియారాన్ని) వదిలేయమనే సెట్టింగ్ పెట్టాక గానీ కదల్లేదు. గో భాషలో రాసిన చిన్న సర్వీస్ దీని మాట అసలు వినదు, ఎందుకంటే లిబ్‌ఫేక్‌టైమ్ టైమ్‌ని మార్చేది సీ లైబ్రరీ (చాలా ప్రోగ్రాంలు టైమ్ అడిగే ఉమ్మడి కోడ్) దగ్గర, ఆ సర్వీస్ టైమ్ కోసం అక్కడికి వెళ్లదు. 2019కి వెళ్తే, కనెక్షన్‌ని నమ్మొచ్చో లేదో చూసే మా టెస్ట్ సర్టిఫికెట్ అప్పటికి పుట్టనే లేదు కాబట్టి కనెక్షన్లన్నీ తెగిపోయాయి.

మాదంతా లినక్స్, డేటాబేస్ కాపీ మా చేతిలోనే ఉంది, అందుకే నాకు బాగా కుదిరింది. విండోస్ సర్వర్లయితే ఇది పనికిరాదు. డేటాబేస్ వేరే టీమ్ చేతిలో ఉంటే మాత్రం, దాన్ని రీస్టార్ట్ చేయనిస్తారో లేదో ముందే అడిగి చూడండి.