కార్డు చదవకపోతే ఏది మేలు: తుడవడమా, డ్రైవరా, కొత్త రీడరా?

అనంతపురం టవర్‌క్లాక్ దగ్గర మా నెట్ సెంటర్‌లో వారానికి ఇద్దరైనా అడుగుతారు: "అన్నా, రీడర్‌లో కార్డు పడట్లేదు, డ్రైవర్ మళ్లీ వేద్దామా, కొత్త రీడర్ కొందామా?" పోయిన నెల ఆన్‌లైన్ సంతకానికి వాడే నా డిజిటల్ సిగ్నేచర్ చిప్ కార్డే మొరాయించింది. ఒక పూటంతా డ్రైవర్ తీయడం, వేయడం. తీరా చూస్తే తప్పు కార్డుది.

అందుకే ముందు ఇంకో కార్డు పెట్టి చూడమంటాను. చిప్ ఉన్న ఏటీఎం కార్డయినా చాలు, పిన్ మాత్రం కొట్టొద్దు. రీడర్ కరెంటిచ్చి రీసెట్ చేయగానే ఏ కార్డయినా ముందు ఏటీఆర్ అనే చిన్న జవాబు పంపాలి. తాను ఏ పద్ధతిలో మాట్లాడుతుందో అందులోనే చెబుతుంది. కార్డు రీసెట్‌కు స్పందించట్లేదని విండోస్ చెప్పిందంటే ఆ జవాబు రాలేదని అర్థం. అప్పుడు సాఫ్ట్‌వేర్ ఎన్నిసార్లు వేసినా దండగే. రెండు కార్డులూ పలక్కపోతే రీడరో, యూఎస్‌బీ పోర్టో చూడాలి. ఒక్కటే పలక్కపోతే కార్డును చూడాలి.

నా ఓటు తుడవడానికే. మన ఊరి దుమ్ము, చొక్కా జేబులో చెమట కలిసి ఆ బంగారు రంగు గళ్ల మీద సన్నటి పొరలా పడతాయి. కొందరు పెన్సిల్ రబ్బరుతో రుద్దుతారు, నాకది నచ్చదు. ఆ పూత చాలా పలచన, గీసుకుపోతుంది. మొబైల్ రిపేరువాళ్లు వాడే ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) రెండు చుక్కలు మెత్తటి గుడ్డ మీద వేసి తుడిచి, ఆరాక పెట్టండి.

డ్రైవర్ వంతు ఏటీఆర్ వచ్చాకే. ఇప్పటి రీడర్లలో చాలావాటికి సరిపోయే సీసీఐడీ అనే ఉమ్మడి డ్రైవర్ విండోస్‌లోనే ఉంటుంది. కార్డు పలికినా అందులోని సంతకం సర్టిఫికెట్ కనబడకపోతేనే కార్డు కంపెనీ సాఫ్ట్‌వేర్ మళ్లీ వేయాలి.

కొత్త రీడరంటారా, ఏ కార్డూ పలకనప్పుడు, అదీ పోర్టు మార్చి చూశాక కొనండి.

తుడిచినా నా కార్డు దారికి రాలేదు. చిప్ మీద బొటనవేలు అదిమితే చదివేది, వదిలితే పోయేది. ప్యాంటు వెనక జేబులో పెట్టుకుని కూర్చునే అలవాటు నాది. వంగి వంగి లోపలి తీగ తెగినట్టుంది. వేలు తీయకుండా ఆ రోజు రిటర్న్ సబ్మిట్ చేసి, మర్నాడే కొత్త కార్డుకు అప్లై చేశా.