గుండ్ల మీది చిత్రశాల: చింతకుంట

గోడలూ టికెట్టూ లేని చిత్రశాలను చూడదలచినవారు కడప జిల్లా ముద్దనూరు సమీపంలోని చింతకుంటకు వెళ్లవచ్చును. ముళ్లపొదల నడుమ కాలిబాటన నడిచి, స్థానికులు ఎద్దుల ఆవుల గుండు అని పిలిచే బండ నీడన నిలిచి తలెత్తితే, మూపురపు ఎద్దులు, జింకలు, మనుషుల ఆకృతులు ఎరుపు, తెలుపు వర్ణాలలో కనిపిస్తాయి. వీటిలో ఎర్రనివే ప్రాచీనమైనవి. ఆ జేగురు రంగు ఇన్ని వేల ఏళ్లు నిలిచింది; మా ఇంటి సున్నమేమో రెండు వానలకే వెలిసిపోయింది. మూపురపు వంపును ఒక్క గీతలో పట్టిన చేతివాటం ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. దారి చూపే బోర్డు మాకెక్కడా కనబడలేదు. ఒక గొర్రెల కాపరిని అడిగి చేరుకున్నాము. ఎండ ముదరక ముందే, తాగునీరు వెంట ఉంచుకొని వెళ్లడం మేలు.