కౌలాలంపూర్ నుంచి సింగపూర్: దూరం 300 కి.మీ., పోయింది ఒక పూట

కౌలాలంపూర్ నుంచి సింగపూర్‌కి గాల్లో దూరం సుమారు 300 కి.మీ. మన హైదరాబాద్–విజయవాడ రోడ్డు కన్నా కాస్త ఎక్కువ, అంతే. విమానం టికెట్ మనిషికి 148 రింగిట్లే (మలేసియా డబ్బు) అని కనిపించగానే అమ్మకి, నా భార్యకి, నాకు బుక్ చేసేశాను.

విమానాశ్రయం ఊళ్లో లేదు, సెపాంగ్‌లో ఉంది. కౌలాలంపూర్ పెద్ద రైల్వే స్టేషన్ కేఎల్ సెంట్రల్ నుంచి ఎక్స్‌ప్రెస్ రైలు అరగంటలో దింపుతుంది, శుభ్రంగా ఉంటుంది. కానీ మనిషికి 55 రింగిట్లు, ముగ్గురికి 165.

అసలు బాధ గేటు దగ్గర మొదలైంది. చెక్-ఇన్ కౌంటర్లో అమ్మ బ్యాగు వంక ఎవరూ చూడలేదు. తీరా బోర్డింగ్ లైన్లో నిలబడ్డాక ఒకతను దాన్ని తూకం మీద పెట్టమన్నాడు. 9.4 కిలోలు. పరిమితి 7. అమ్మ అక్కడే నేల మీద కూర్చుని బ్యాగు జిప్పు తీసింది. శాలువా భుజాన వేసుకుంది, మందుల డబ్బా కోడలి చేతికిచ్చింది, కందిపొడి పొట్లం పట్టుకుని నా మొహం వైపు చూసింది. మళ్లీ తూస్తే 8.1. ఇంకాస్త తీస్తామన్నా వినకుండా 180 రింగిట్లు కట్టించుకున్నాడు. టికెట్ కన్నా బ్యాగుకే ఎక్కువ! రూల్ తప్పని నేననను. ఆ ముక్క కౌంటర్లోనే చెబితే నిదానంగా సర్దుకునేవాళ్లం కదా! "నా వల్లే కదరా" అని అమ్మ దారంతా ముభావంగానే ఉంది. ఆ టెన్షన్‌కి తోడు విమానం గంటన్నర లేటు. పొద్దున 9కి హోటల్ వదిలితే, సింగపూర్ లిటిల్ ఇండియాలో గదికి చేరేసరికి సాయంత్రం 5 దాటింది. అందులో గాల్లో ఉన్నది గంట కూడా కాదు.

సింగపూర్‌లో మూడు రోజులూ హాయిగా గడిచాయి.

తిరుగు ప్రయాణానికి మనిషికి 38 సింగపూర్ డాలర్లు పెట్టి బస్సు ఎక్కాం. సీట్లు వెడల్పు, అమ్మ కాళ్లు బారచాపుకుంది. సరిహద్దు దగ్గర రెండుసార్లు దిగాలి. మలేసియా వైపు సామానంతా దించి స్కానింగ్ చేయించుకోవాలి, అదొక్కటే శ్రమ. శుక్రవారం సాయంత్రాలు, సెలవుల ముందు రోజులు మాత్రం ఈ దారి పెట్టుకోకండి, క్యూలు కదలవు. ఇంకో మాట, సింగపూర్ నుంచి మలేసియాకి తిరిగొచ్చేటప్పుడు డిజిటల్ అరైవల్ కార్డు, అంటే దేశంలోకి వచ్చేముందు ఆన్‌లైన్లో నింపే ఫారం, మళ్లీ నింపాలి. ప్రభుత్వ సైట్లో అది ఉచితం, ఎవరికీ డబ్బు కట్టకండి.

మొత్తం ఆరు గంటలు పట్టింది. మధ్యలో హైవే పక్కన బస్సు ఆపితే వేడివేడి రోటీ చనాయ్, అదే మన పరోటా లాంటిది, దొరికింది, పప్పుతో. అమ్మ ఒకటి తిని, రెండోది తెప్పించుకుని, బ్యాగులోంచి ఆ కందిపొడి పొట్లం తీసింది. ముగ్గురికీ తలా ఇంత వేసి, "తినండి, చల్లారిపోతుంది" అంది.