ఆప్టికల్ ఆడియో కన్వర్టర్ కొనేముందు ఇది చదవండి

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి. నాన్నగారి పాత యాంప్లిఫయరూ, రెండు పెద్ద స్పీకర్లూ ఇప్పటికీ బ్రహ్మాండంగా పాడతాయి, కాకపోతే దాని వెనకాల ఎరుపు తెలుపు పిన్నులు గుచ్చే చోటే తప్ప డిజిటల్ ఇన్‌పుట్ లేదు. నా కంప్యూటర్ సౌండ్ కార్డుకి ఆప్టికల్ అవుట్ (శబ్దాన్ని వెలుతురుగా బయటికి పంపే డిజిటల్ సాకెట్) ఉంది కదా, మధ్యలో దాన్ని ఆ ఎరుపు తెలుపు పిన్నులకి మార్చే కన్వర్టర్ పెడితే సరిపోతుందని భీమవరం వెళ్లి ఒకటి కొన్నాను. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో 5.1 అని, అంటే ఆరు ఛానెళ్ల శబ్దం అని ఉంది. షాపతను కూడా "డాల్బీ అంతా వచ్చేస్తుందండి" అన్నాడు, నమ్మేశాను.

పాటలు బాగానే వచ్చాయి. రాత్రి 5.1 సినిమా పెట్టగానే మాటల్లేవు, మ్యూజిక్ లేదు, రేకుల షెడ్డు మీద వడగళ్లు పడ్డట్టు ఒకటే మోత! నిద్రపోతున్న మా పాప ఉలిక్కిపడి లేచి ఏడుపు. స్పీకర్లు పోయాయేమోనని నాకు చేతులు వణికాయి.

విషయం ఏంటంటే, ఆ ఆప్టికల్ వైరులో కుదించని మామూలు రెండు ఛానెళ్ల శబ్దం (పీసీఎం అంటారు) వెళ్తుంది, లేదా డాల్బీ, డీటీఎస్ పద్ధతుల్లో కుదించిన సినిమా శబ్దం వెళ్తుంది. రెండోదాన్ని విప్పాలంటే లోపల డీకోడర్ ఉండాలి. నేను కొన్నదాంట్లో అది లేదు, అందుకే ఆ డేటానే శబ్దం అనుకుని స్పీకర్లలోకి తోసేసింది. అసలు బయటికి రెండే పిన్నులున్నదానికి ఆరు ఛానెళ్లు ఎలా వస్తాయి? అది నేను షాపులోనే అడగాల్సింది.

ఇంకోటి, దాని 5 వోల్టుల పవర్ వైరుని కంప్యూటర్ యూఎస్‌బీకే పెడితే మౌస్ కదిపినప్పుడల్లా స్పీకర్లో కుయ్ కుయ్‌మని వచ్చేది. ఆప్టికల్ వైరులో వెళ్లేది వెలుతురే, దాంట్లోంచి కరెంటు గోల రాదు, వచ్చిందల్లా ఈ పవర్ వైరులోంచి. పాత ఫోన్ ఛార్జరుకి మార్చాక పోయింది.

తిరిగి తీసుకెళ్తే సీలు తీసేశారుగా, కుదరదు అన్నారు. చాలా బాధేసింది. డబ్బుల కంటే, తెలియనివాడికి ఏదో ఒకటి అంటగట్టారన్నదే ఎక్కువ బాధ.

కాబట్టి డాల్బీ సినిమా ఫైలు ఒకటి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి, షాపులోనే వాళ్ల కంప్యూటర్ ఆప్టికల్ అవుట్‌కి కన్వర్టర్ పెట్టించి, ప్లేయర్‌లో పాస్‌త్రూ (డాల్బీని విప్పకుండా ఉన్నదున్నట్టు బయటికి పంపడం) ఆన్ చేయించి వినండి. ఒప్పుకోకపోతే అక్కడ కొనకండి. ఇప్పటికే కొనేసి ఇలా మోత వస్తున్నవాళ్లు, ముందు యాంప్లిఫయర్ వాల్యూమ్ సున్నాకి తిప్పి, సినిమా ప్లేయర్ సెట్టింగుల్లో పాస్‌త్రూ ఆపేసి స్టీరియో పీసీఎం పెట్టండి. రెండు స్పీకర్లలోనే అయినా మాటలు మాత్రం వినిపిస్తాయి.