ఆడదూడ స్ట్రా: ఏ పశువుకు వేస్తే దక్కుతుంది, దేనికి వేస్తే పోతుంది

లింగ నిర్ధారిత వీర్యం, అంటే ఆడదూడలే పుట్టేలా కణాలు వేరుచేసి సన్నని గొట్టంలో (స్ట్రా) గడ్డకట్టించినది, పాడి రైతులు ‘ఆడదూడ స్ట్రా’ అని పిలుచుకునేది, ఇచ్చిన మాట నిలబెట్టుకుంటుంది. పుట్టిన వాటిలో నూటికి 90 దాకా పెయ్యలే ఉంటాయి. అయితే చూడి కట్టించే సత్తా మామూలు స్ట్రా కంటే దీనికి తక్కువ. స్ట్రా అంటగట్టేవాళ్లు ఈ రెండో సంగతి గట్టిగా చెప్పరు. రైతు దెబ్బతినేది అక్కడే.

ఎందుకు తక్కువో తెలిస్తే ఎలా వాడాలో తెలుస్తుంది. ఆవుల్లో ఆడదూడనిచ్చే ఎక్స్ వీర్యకణంలో డీఎన్ఏ, మగదూడనిచ్చే వై కణంలో కంటే సుమారు 3.8 శాతం ఎక్కువ. గేదెల్లో ఈ తేడా ఇంకా కాస్త తక్కువ. దాన్ని పసిగట్టడానికి కణాలకు రంగు పట్టిస్తారు, ఒత్తిడితో లేజర్ ముందు నుంచి ఒక్కొక్కటిగా పంపిస్తారు, విద్యుదావేశమిచ్చి పక్కకు మళ్లిస్తారు. వై కణాలను లేజర్‌తో దెబ్బతీసి వదిలేసే పద్ధతి కూడా ఉంది. ఇంత నలిగిన కణాన్ని ఆ తర్వాత గడ్డకట్టించి -196 డిగ్రీల ద్రవ నత్రజనిలో దాచాలి. కరిగించాక అది కదులుతూనే ఉంటుంది గానీ, పైపొర బలహీనపడి ఉంటుంది. గర్భాశయంలోకి వెళ్లాక మొదలవ్వాల్సిన మార్పులు ముందే మొదలైపోతాయి. అందుకే లోపల ఎక్కువసేపు బతకదు.

పైగా సంఖ్యా తక్కువే. మామూలు 0.25 మి.లీ. స్ట్రాలో సుమారు 2 కోట్ల కణాలుంటే, ఇందులో 20 నుంచి 40 లక్షలే. మైక్రోస్కోప్ కింద పల్చగా కనిపించిందని నాసిరకం అనుకోవద్దు, దాని తీరే అంత. చూడాల్సింది కణాలు తిన్నగా ముందుకు పోతున్నాయా, ఉన్నచోటే గిరగిరా తిరుగుతున్నాయా అన్నది. అది కూడా 37 డిగ్రీలకు వేడెక్కిన గాజు పలకపై చూస్తేనే నమ్మొచ్చు.

కణం ఆయుష్షు తక్కువ కాబట్టి గంట ముఖ్యం. పొద్దున ఎదకొస్తే సాయంత్రం, సాయంత్రం వస్తే మర్నాడు పొద్దున అన్న పాత లెక్క ఈ స్ట్రాకు కొంచెం తొందర. ఆవులో ఎద మొదలైన దాదాపు 28 నుంచి 30 గంటలకు అండం విడుదలవుతుంది. అందుకే 16 నుంచి 24 గంటల మధ్య వేయించడం మేలు. అంటే ఎద ఎప్పుడు మొదలైందో రైతుకు కచ్చితంగా తెలియాలి. మూగ ఎద గేదెలతో చిక్కు ఇదే: అరుపు ఉండదు, ఎండాకాలం తీగలు (ఎదలో మానం నుంచి జారే జిగురు) కూడా సరిగా కనబడవు. గంట తెలియని గేదెకు ఈ స్ట్రా వేయించకండి, మామూలుదే వేయించండి.

ఇక అసలు లెక్క. 100 పాడి ఆవులకు మామూలు స్ట్రా వేస్తే 40 చూడి కట్టాయనుకుందాం, పెయ్యలు 20. ఆడదూడ స్ట్రాతో అందులో ముప్పాతిక వంతు, అంటే 30 కడతాయి, పెయ్యలు 27. ఏడు పెయ్యలు ఎక్కువొచ్చాయి, కానీ పది ఆవులు మళ్లీ ఎదకొచ్చేదాకా ఇంకో 21 రోజులు వట్టిగా మేత తింటాయి. అదే 100 తొలిచూలు పెయ్యలైతే మామూలు స్ట్రాకు 55, దీనికి 44 అనుకోండి. ఆడదూడలు 27కు బదులు దాదాపు 40! పెట్టిన డబ్బుకు ఫలితం దక్కేది ఇక్కడే. ఆడదూడ బరువు కాస్త తక్కువ కాబట్టి తొలి ఈత కూడా తేలికవుతుంది. పెద్ద పశువు బరువులో 60 శాతానికి చేరి, క్రమంగా ఎదకొస్తూ, శుభ్రమైన తీగలు వేస్తున్న పెయ్యనే ఎంచుకోవాలి. ఎన్నిసార్లు వేయించినా చూడి కట్టక తిరగపొర్లే పశువుకు, ఈనాక మాయ పడకుండా నిలిచి గర్భాశయ వాపు వచ్చిన పశువుకు వేయిస్తే డబ్బు నీళ్లపాలే.

వేసే మనిషి చేతిలో చెడేది కూడా చాలా ఉంది. స్ట్రాలున్న కానిస్టర్‌ను (చిన్న డబ్బా) నత్రజని కంటైనర్ మెడ దాటి పైకి లేపకూడదు. స్ట్రాను ఫోర్‌సెప్స్‌తో కొన్ని సెకన్లలో తీసి, విదిలించి, 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు ఉంచాలి. థర్మామీటర్ లేకుండా చేతితో తాకి చూసిన నీళ్లు పనికిరావు, చంకలో పెట్టి కరిగించడం అసలే వద్దు. తర్వాత పూర్తిగా తుడవాలి, ఎందుకంటే నీటి చుక్క తగిలినా కణాలు ఉబ్బి చస్తాయి. స్ట్రాను అమర్చి లోపల వదిలే గన్‌ను ముందే రుద్ది వేడిచేసుకోవాలి, ఎండ తగలనీయకూడదు. గర్భాశయ ముఖద్వారం దాటగానే, గర్భాశయ దేహంలో, మెల్లగా వదలాలి. ఇదంతా కరిగించిన 5 నుంచి 10 నిమిషాల్లో అయిపోవాలి. నత్రజని మట్టం ఒకసారి పడిపోయి స్ట్రాలు వేడెక్కితే, మళ్లీ నింపినా చెడిన కణం బాగుపడదు. ముందు మట్టం కొలిచి చూపించమని అడగడం మీ హక్కు.

ధర విషయంలో మంచి మార్పు వచ్చింది. 2024 అక్టోబరు 5న మహారాష్ట్రలోని వాశిమ్‌లో ప్రధాని ప్రారంభించిన దేశీయ సాంకేతికతతో డోసు ఖర్చు సుమారు రూ. 200 తగ్గుతుందని కేంద్రం ప్రకటించింది. అయినా చవకైందని ప్రతి పశువుకూ వేయించడం సరికాదు.

వేయించాక ఖాళీ స్ట్రా పారేయనివ్వకండి. దానిమీది ఆంబోతు నంబరు, జాతి, బ్యాచ్‌ను పశువు చెవిపోగులోని 12 అంకెల నంబరు పక్కన రాసుకోండి. 21 రోజులకు ఎదకు రాలేదని చూడి కట్టినట్టు కాదు, 60 నుంచి 90 రోజుల మధ్య డాక్టరుతో చెయ్యి పెట్టించి చూపించుకోవాలి.