హక్కుల కమిషన్, కమ్యూనిటీ ఎంగేజ్‌మెంట్ కమిషన్: కలపడం మేలా, విడిగా ఉంచడం మేలా?

కాలిఫోర్నియా నగరాల్లో బడ్జెట్ లెక్కలు మొదలైతే చాలు, ఈ ప్రశ్న మళ్లీ వస్తుంది. వివక్షల సంగతి చూసే హక్కుల కమిషన్, పండగలూ సర్వేలతో జనాన్ని కలుపుకొచ్చే కమ్యూనిటీ ఎంగేజ్‌మెంట్ కమిషన్: సిటీ కౌన్సిల్‌కు సలహాలిచ్చే ఏడేసి సీట్ల కమిషన్లు రెండు, రెండింట్లోనూ ఖాళీలు, రెండింటికీ మినిట్స్ (సమావేశంలో జరిగినదాని నమోదు) రాసే ఉద్యోగి ఒక్కరే. ఒకటి చేసేస్తే పోలా?

కలపాలనేవాళ్ల చేతిలో ఉన్న గట్టి కారణం కోరం, అంటే మీటింగ్ జరగాలంటే రావాల్సిన కనీస సభ్యుల సంఖ్య. చాలా మునిసిపల్ కోడ్‌లలో కోరం లెక్క మొత్తం సీట్ల మీదే, నిండిన సీట్ల మీద కాదు. ఏడింట్లో మూడు ఖాళీ అయితే మిగిలిన నలుగురూ రావాల్సిందే. ఒకరికి జ్వరం వస్తే ఆ నెల మీటింగ్ లేనట్టే. రెండు చోట్లా మిగిలిన ఎనిమిది మందిని తొమ్మిది సీట్ల కమిషన్‌లో కూర్చోబెడితే కోరం ఐదు, ముగ్గురు రాకపోయినా పని నడుస్తుంది. ఈ లెక్కను కాదనలేం.

కానీ నా దృష్టిలో తేల్చాల్సింది కోరం దగ్గర కాదు, ఎజెండా దగ్గర. ఎంగేజ్‌మెంట్ పనికి తేదీ ఉంటుంది: దీపావళి, లూనార్ న్యూ ఇయర్, సర్వే గడువు. హక్కుల పనికి ఉండదు. కాబట్టి ఎప్పుడూ మొదటిదే ముందు కూర్చుంటుంది. ఏడింటికి మొదలై తొమ్మిదికి ముగియాల్సిన మీటింగ్ తీసుకోండి. హాజరు, పాత మినిట్స్, మనిషికి మూడు నిమిషాల పబ్లిక్ కామెంట్, రెండు ప్రొక్లమేషన్లు (గౌరవ ప్రకటనలు), వాటి ఫొటోలు, పండగ సబ్‌కమిటీ రిపోర్టు, టెంట్ల కొటేషన్లు. అద్దె ఇళ్ల వివక్ష అంశం చేతికి వచ్చేసరికి ఎనిమిది నలభై. వచ్చే నెలకు వాయిదా. ఇంటి విషయంలో వివక్ష జరిగితే రాష్ట్ర సివిల్ రైట్స్ డిపార్ట్‌మెంట్‌కు ఫిర్యాదు చేయడానికి ఉన్న గడువే ఏడాది. ఆ దారి చూపించాల్సిన కమిషన్ మూడుసార్లు వాయిదా వేస్తే అందులో పావు వంతు పోయినట్టే.

స్థానిక సంస్థల మీటింగులు బహిరంగంగా జరగాలనే కాలిఫోర్నియా చట్టం బ్రౌన్ యాక్ట్ దీన్ని ఇంకా బిగిస్తుంది. ఎజెండా 72 గంటల ముందే పెట్టాలి, అందులో లేనిదాన్ని చర్చించకూడదు. మీటింగ్ బుధవారం, గుడి గోడ మీద ద్వేషపు రాతలు సోమవారం అనుకోండి. పబ్లిక్ కామెంట్‌లో ఎవరైనా లేవనెత్తితే సభ్యులు క్లుప్తంగా స్పందించి ఊరుకోవాలి. తీర్మానం కావాలంటే, విషయం ఎజెండా పెట్టాక తెలిసిందనీ వెంటనే చేయక తప్పదనీ హాజరైనవాళ్లలో మూడింట రెండొంతుల మంది ఓటేయాలి. సీట్లలో మూడింట రెండొంతులకన్నా తక్కువ మంది వచ్చి ఉంటే అందరూ ఒప్పుకోవాలి.

ఇక స్వభావం. ఎంతమంది వచ్చారన్నది ఎంగేజ్‌మెంట్‌కు కొలత. గదిలో ఎవరికీ రుచించని మాట చెప్పే ఒక్క మనిషిని వినడం హక్కుల కమిషన్ పని. 2023లో సియాటిల్, ఆ తర్వాత ఫ్రెస్నో కుల వివక్షను నిషేధించినప్పుడు దక్షిణాసియా సంఘాలే రెండుగా చీలాయి. అలాంటి ఫిర్యాదు కలిపిన కమిషన్ ముందుకు వస్తే, పండగకు స్టాల్ పెట్టే సంఘంతో తగువెందుకన్న మొహమాటం ముందుగా నోరు కట్టేస్తుంది. నేను విడిగా ఉంచమనేది ఇందుకే. ఖాళీలే సమస్యయితే ఏడు సీట్లను ఐదు చేస్తే సరి, కోరం మూడుకు దిగుతుంది.

మధ్యేమార్గాలు లేకపోలేదు. ఉమ్మడి సమావేశానికి రెండు కోరాలూ కావాలి, ఓట్లు వేర్వేరుగా వేయాలి, కాబట్టి ఏడాదికి ఒకటి రెండు చాలు. ఒకే కమిషన్‌లోని, కోరంకన్నా తక్కువ మందితో తాత్కాలిక కమిటీ వేస్తే బ్రౌన్ యాక్ట్ నోటీసు అక్కర్లేదు. రెండు కమిషన్ల వాళ్లను కలిపి వేస్తే మాత్రం ఆ మినహాయింపు దక్కుతుందని నమ్ముకోకండి, సిటీ అటార్నీని అడగండి.

అయినా కలపాలనే కౌన్సిల్ నిర్ణయిస్తే, హక్కుల అంశం పబ్లిక్ కామెంట్ తర్వాత మొదటిదిగా ఉండాలని ఆర్డినెన్స్‌లోనే (కౌన్సిల్ చేసే నగర చట్టంలోనే) రాయించండి. బైలాస్‌లో (కమిషన్ సొంత నియమాల్లో) రాస్తే కొత్త చైర్ వచ్చాక మారిపోతుంది. చార్టర్ (నగరానికి సొంత రాజ్యాంగం లాంటిది) లేని నగరాల్లో ఆర్డినెన్స్‌ను ప్రవేశపెట్టిన ఐదు రోజుల్లోపు ఆమోదించకూడదు, ఆమోదించాక మామూలుగా 30 రోజులకు అమల్లోకి వస్తుంది. మధ్యలో ఎవరైనా రాజీనామా చేస్తే ఆ ఖాళీని 20 రోజుల్లో ప్రకటించాలి, ఆ తర్వాత కనీసం పది పనిదినాలు ఆగితేగానీ శాశ్వత నియామకం కుదరదు. ఇంకొకటి, పాత వాట్సాప్ గ్రూపులు రెండింటినీ కలపకండి. తొమ్మిది మందిలో ఐదుగురు కమిషన్ పనిని అక్కడ చర్చించారంటే అది నోటీసు లేని మీటింగే.